ఘాట్ రోడ్డు ఏ బండికి ఎంత భద్రము?

పెనుగంచిప్రోలు మున్నేటి ఒడ్డున ఉన్న ఊరు. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది గాని, ఇక్కడివారి నోట ఈ ప్రాంతము ఇంకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. జగ్గయ్యపేటకు గాని నందిగామకు గాని పోయే దారులు మిరప చేల మధ్య, ప్రత్తి చేల మధ్య చదునుగా సాగిపోతాయి. ఏటి గట్టు దగ్గర కొంత దిగుడు, కల్వర్టు దగ్గర చిన్న ఎక్కుడు ఉంటాయి. కొండదారి అనదగినది ఈ ఊరి పొలిమేరలో లేదు. అయినా ఇక్కడి బండ్లు కొండలు ఎక్కకుండా ఉండవు. దగ్గరలో కొండపల్లి కోట దారి, బెజవాడ ఇంద్రకీలాద్రి దారి ఉన్నాయి. దూరము పోతే శ్రీశైలము, తిరుమల ఉన్నాయి. తిరుపతమ్మ తిరునాళ్లకు ట్రాక్టరు ట్రక్కు మీద బంధువులందరితో రావటానికి అలవాటు పడిన కుటుంబము, మరొకసారి అదే ట్రక్కు కట్టుకొని కొండమీది గుడికి బయలుదేరవచ్చును.

అట్లా వెళ్లి వచ్చినవారిని “ఆ ఘాట్ రోడ్డు ఎట్లా ఉన్నది?” అని అడిగితే నలుగురు నాలుగు విధాలుగా చెబుతారు. కారు నడిపినవాడు “అద్దములాగా ఉన్నది” అంటాడు. బస్సు డ్రైవరు “మలుపులు ఇరుకు, రెండుసార్లు వెనుకకు తీయవలసి వచ్చింది” అంటాడు. మోటారు సైకిలు మీద పోయినవాడికి మలుపులో పరచుకొన్న ఇసుక మాత్రమే గుర్తుంటుంది. ట్రాక్టరు తోలినవాడు “ఎక్కటము ఎక్కాము గాని, దిగేటప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొన్నాము” అంటాడు. నలుగురూ చూసినది ఒకటే రోడ్డు. నలుగురి మాటలూ నిజమే. రోడ్డు మంచి చెడ్డలు రోడ్డులో మాత్రమే లేవు. రోడ్డుకూ, దాని మీద నడిచే బండికీ మధ్య ఉన్న సంబంధములో ఉన్నాయి. ఆ సంబంధాన్ని ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రముతోనే చాలా వరకు లెక్క కట్టవచ్చును.

ఈ లెక్క వినోదానికి కాదు. 2018 సెప్టెంబరు 11న తెలంగాణలో జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ ఒక ప్రయాణికుల బస్సు లోయలో పడినప్పుడు 60 మందికి పైగా మరణించారు. సీట్లు ఉన్నంతమందికి దాదాపు రెట్టింపు జనము, నూరుమంది వరకు, అందులో ఉన్నారు. కొండగట్టు పెద్ద కొండ కాదు. తిరుమలతో పోలిస్తే అది గుట్ట. చదును నేల మీద కూడా ప్రమాదాలు జరుగుతాయి. 2017 ఫిబ్రవరి 28న పెనుగంచిప్రోలు మండల పరిధిలోనే జాతీయ రహదారి మీద ఒక బస్సు రెండు వంతెనల నడుమనున్న సందులో పడి దాదాపు పదిమంది చనిపోయారు. కాని చదును నేల మీద డ్రైవరు కాలు తీసివేస్తే బండి కొంత దూరము పోయి దానంతట అది ఆగుతుంది. కొండ మీద కాలు తీసివేస్తే వేగము పెరుగుతుంది. భేదమంతా అక్కడే ఉన్నది.

ముందుగా వాలు సంగతి చూద్దాము. 20 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు పెరిగే రోడ్డును 20లో 1 వాలు గల రోడ్డు అంటారు. శాతములో చెబితే ఇది 5. ఇటువంటి వాలు మీద బండి బరువులో 20వ వంతు ఎల్లప్పుడూ దానిని క్రిందికి లాగుతూ ఉంటుంది. 10 టన్నుల బస్సును 500 కిలోగ్రాముల బలము లాగుతున్నదన్నమాట. చక్రాల దొర్లుడు నిరోధము మరొక 100 కిలోగ్రాములు వేసుకొంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగముతో ఎక్కటానికే దాదాపు 44 అశ్వశక్తి కావాలి. వాలు రెట్టింపయితే ఇంజను శక్తి కూడా దాదాపు రెట్టింపు కావాలి, లేదా వేగము సగము కావాలి. కొండ మీదికి తిన్నగా రోడ్డు వేయక చుట్టలు చుట్టలుగా వేయటానికి కారణము ఇదే. శ్రీవారి మెట్టు దారిన నడిచేవాడు రెండు కిలోమీటర్లకు కొంచెము పైగా నడిచి 2,388 మెట్లతో తిరుమల చేరుతాడు. బండికి అదే కొండ ఎక్కటానికి సుమారు 18 కిలోమీటర్ల రోడ్డు వేయవలసి వచ్చింది. తిరుపతి నుండి తిరుమలకు ఎత్తు సుమారు 700 మీటర్లు; సగటున 26లో 1 వాలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి ప్రమాణాల ప్రకారము కొండసీమలో మామూలుగా 20లో 1 వాలును మించకుండా చూడాలి, తప్పనిసరి అయిన చోట్ల కొద్ది దూరము మాత్రమే అంతకు మించవచ్చును. గుడికి పోయే దారులలోను, గిరిజన గ్రామాల దారులలోను ఈ ప్రమాణము పాటించనివి ఎన్నో ఉన్నాయి. కాలిబాటనే వెడల్పు చేసి తారు పోస్తే అది ఘాట్ రోడ్డు కాదు.

ఎక్కటము చేతకాని బండి మధ్యలో నిలిచిపోతుంది. అది చిక్కే గాని, ముప్పు తక్కువ. కొండదారి అసలు పరీక్ష దిగటములో ఉన్నది. చాలామంది దీనిని తలక్రిందులుగా భావిస్తారు. ఎక్కేటప్పుడు భయపడి, దిగేటప్పుడు నిశ్చింతగా కునుకు తీస్తారు.

కొండమీద ఉన్న బస్సుకు స్థితిజ శక్తి ఉన్నది. 15 టన్నుల బస్సు 700 మీటర్లు క్రిందికి దిగితే 1 కోటి 5 లక్షల కిలోగ్రాము-మీటర్ల పని వెలువడుతుంది. శక్తి నశించదు గదా! దిగిన తరువాత బస్సు ఎక్కేటప్పటి వేగముతోనే పోతున్నదంటే ఈ శక్తి అంతా ఉష్ణముగా మారి ఉండాలి. 427 కిలోగ్రాము-మీటర్ల పని ఒక కిలోకాలరీ ఉష్ణానికి సమానము కనుక, ఇది సుమారు 24,600 కిలోకాలరీలు. ఇందులో నాలుగవ వంతు టైర్ల దొర్లుడులోనే ఖర్చవుతుందని అనుకొందాము. మిగిలిన ఉష్ణముతో 30 డిగ్రీల దగ్గర ఉన్న 260 లీటర్ల నీటిని మరుగు స్థానానికి తేవచ్చును. పెళ్లి వంటల గాడిపొయ్యి మీది పెద్ద గుండిగలను తలచుకొంటే ఈ ఉష్ణము ఎంతటిదో తెలుస్తుంది. డ్రైవరు కాలి బ్రేకునే నమ్ముకొంటే ఈ వేడి అంతా చక్రాలలో ఉన్న ఇనుప డ్రమ్ములలోను, వాటిని ఒరుసుకొనే లైనింగులలోను పుట్టాలి, అక్కడి నుండే గాలిలోకి పోవాలి.

వేడెక్కిన బ్రేకుకు రెండు మూడు రోగాలు వస్తాయి. లైనింగు పదార్థము ఒక హద్దు దాటి కాగినప్పుడు దాని ఘర్షణ గుణకము పడిపోతుంది. ఎంత గట్టిగా తొక్కినా పట్టు దొరకదు. ఇనుప డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది, కనుక పెడలు మరింత లోతుకు దిగాలి. ద్రవముతో పనిచేసే బ్రేకులలో మరొక చిక్కు ఉన్నది. సాధారణముగా వాడే ఒక రకము బ్రేకు ద్రవము క్రొత్తదిగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకూడదని ప్రమాణము. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. పాతబడ్డ ద్రవము 140 డిగ్రీల దగ్గరనే మరగవచ్చును. మరిగితే గొట్టములో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవము నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది; పెడలు తొక్కితే బుడగలు నలుగుతాయి గాని చక్రము దగ్గరకు పీడనము చేరదు. గాలి బ్రేకులలో ఈ బాధ లేదు. కాని మాటిమాటికి తొక్కి వదులుతుంటే గాలితొట్టిలోని పీడనము తరుగుతుంది. కొండ క్రింద గ్యారేజిలో పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసిన బ్రేకు కొండ సగము దిగేసరికి పనిచేయకపోవటములో వింత ఏమీ లేదు. చల్లని బ్రేకును పరీక్షించి వేడి బ్రేకును గురించి హామీ ఇవ్వలేము.

మరి ఈ ఉష్ణాన్ని ఎక్కడికి పంపాలి? ఇంజనుకు పంపాలి. తక్కువ గేరులో ఉన్న బండి చక్రాలు ఇంజనును బలవంతముగా తిప్పుతాయి. సిలిండర్లలో గాలిని నొక్కటానికి, పంపులను తిప్పటానికి ఆ శక్తి ఖర్చవుతుంది. ఇంజనుకు చల్లబరచే ఏర్పాటు పుట్టుకతోనే ఉన్నది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల సూత్రము వెనుక ఉన్న శాస్త్రము ఇదే. డీజిలు ఆదా అవుతుందని గేరు తీసివేసి న్యూట్రలులో దిగేవారు ఈ సాయాన్ని చేతులారా వదులుకొంటున్నారు. పైగా ఆ ఆదా కూడా భ్రమ. నేటి ఇంజన్లలో గేరు వేసి ఉండగా యాక్సిలరేటరు మీద కాలు తీస్తే ఇంధనము సరఫరా ఆగిపోతుంది; న్యూట్రలులో ఉంచితే ఇంజను ఆగకుండా తిరగటానికి ఇంధనము కావలసి వస్తుంది. ఇంజనునే ఆపివేసేవారు మరీ సాహసులు. బ్రేకుకు, స్టీరింగుకు ఇంజను చేసే సహాయము కూడా దానితో పోతుంది.

బ్రేకు పట్టు తప్పితే ఎంత వ్యవధి ఉంటుంది? 20లో 1 వాలు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగముతో దిగుతున్న బస్సుకు బ్రేకు పోయి, గేరు కూడా లేదనుకొందాము. దొర్లుడు నిరోధము తీసివేసి లెక్క కడితే 100 మీటర్లు పోయేసరికి దాని వేగము సుమారు 38 కిలోమీటర్లు, 200 మీటర్లకు 49 కిలోమీటర్లు అవుతుంది. 38 కిలోమీటర్ల వేగము చదును రోడ్డు మీద ఎవరూ లెక్కచేయరు. కొండ మీద మాత్రము ఆ 100 మీటర్ల లోపల ఏదో ఒక మలుపు ఎదురవుతుంది.

ఇప్పుడు మలుపు దగ్గరకు వద్దాము. వలయ మార్గములో తిరిగే వస్తువు మీద వేగపు వర్గానికి అనుపాతములోను, వ్యాసార్ధానికి విలోమానుపాతములోను అపకేంద్ర బలము పనిచేస్తున్నట్లు బండిలో కూర్చున్నవారికి తోస్తుంది. 15 మీటర్ల వ్యాసార్ధము గల హేర్‌పిన్ మలుపును తీసుకొందాము. హేర్‌పిన్ మలుపుకు లోపలి వ్యాసార్ధము 14 మీటర్లకు తగ్గరాదని ప్రమాణము కనుక ఇది ఊహించి చెప్పిన మలుపు కాదు. గంటకు 20 కిలోమీటర్ల వేగములో ఈ పక్క త్రోపు బండి బరువులో 0.21 వంతు ఉంటుంది. 30 కిలోమీటర్ల వేగములో 0.47 అవుతుంది, 40లో 0.84 అవుతుంది. వేగము రెట్టింపయితే త్రోపు నాలుగు రెట్లయింది.

ఈ త్రోపుకు బండి రెండు విధాలుగా లొంగవచ్చును: టైర్లు పట్టు తప్పి పక్కకు జారటము, లేదా పడుకోవటము. జారుడు టైరుకు, రోడ్డుకు మధ్యనున్న ఘర్షణ మీద ఆధారపడుతుంది. మంచి టైరుకు పొడి తారు రోడ్డు మీద 0.7 వరకు పట్టు ఉంటుంది. వానలో అరిగిన టైరుకు అందులో సగము దొరకటమే కష్టము. పడుకోవటము మాత్రము రోడ్డు మీద కాక బండి ఆకారము మీద ఆధారపడుతుంది. రెండు పక్కల చక్రాల మధ్య దూరములో సగాన్ని, గురుత్వ కేంద్రము ఎత్తుతో భాగించగా వచ్చే సంఖ్యను పక్క త్రోపు మించితే బండి పడిపోతుంది. చక్రాల మధ్య 1.4 మీటర్లు, గురుత్వ కేంద్రపు ఎత్తు 0.55 మీటర్లు గల కారుకు ఈ సంఖ్య 1.27. కారు పడుకోవటానికి చాలా ముందే టైర్లు జారుతాయి. చక్రాల మధ్య 2 మీటర్లు, ఎత్తు 1.25 మీటర్లు గల బస్సుకు 0.8 వస్తుంది. ప్రత్తి బోరెములు ఎత్తుగా వేసిన లారీకి గురుత్వ కేంద్రము 2 మీటర్ల వరకు లేచిందనుకొంటే 0.48 మాత్రమే. ఇప్పుడు వేగాల సంఖ్యలతో వీటిని పోల్చి చూడండి. ఒకే మలుపులో, పొడి రోడ్డు మీద, ప్రత్తి లారీ 30 కిలోమీటర్ల దగ్గర, బస్సు 40 కిలోమీటర్ల దగ్గర ప్రమాదపు అంచుకు వస్తాయి. నిజానికి స్ప్రింగుల మీద బండి వాలిపోతుంది కనుక అంతకు ముందే వస్తాయి. బ్రేకు తప్పిన బస్సు 100 మీటర్లలో 38 కిలోమీటర్ల వేగము అందుకొన్నదని పైన చూశాము. కొండగట్టువంటి ప్రమాదానికి లోతైన లోయ, పెద్ద వేగము అక్కరలేదని దీనిని బట్టి తెలుస్తున్నది.

ఎక్కువమంది నిలబడి ఉన్న బస్సులో రెండు హానులు ఒకేసారి జరుగుతాయి. నిలుచున్న మనిషి గురుత్వ కేంద్రము కూర్చున్నవాడి కంటె ఎత్తున ఉంటుంది కనుక బస్సు గురుత్వ కేంద్రము పైకి జరుగుతుంది. బరువు కూడా పెరుగుతుంది. ఖాళీ బస్సు 9 టన్నులనీ, మనిషికి సగటున 60 కిలోలనీ వేసుకొంటే, 55 మందితో 12.3 టన్నులు, నూరుమందితో 15 టన్నులు. బ్రేకు భరించవలసిన ఉష్ణము అయిదవ వంతుకు మించి పెరిగింది.

మలుపులలో రోడ్డు వెలుపలి అంచును ఎత్తుగా వేస్తారు. దీనిని గట్టు కట్టుట అంటారు. కొండసీమలో 10లో 1 వరకు గట్టు కట్టవచ్చును. దీనివల్ల పైన చెప్పిన హద్దులకు దాదాపు 0.1 కలుస్తుంది. అయితే గట్టు మరీ ఎత్తయితే చొప్ప వేసుకొని నెమ్మదిగా పోయే బండి లోపలివైపుకు ఒరుగుతుంది. త్వరగా పోయే కారుకు మేలు చేసేది మెల్లగా పోయే ఎత్తు బండికి కీడు చేస్తుంది.

మూడు చక్రాల ఆటో సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. నాలుగు చక్రాల బండి నిలబడే ఆధారము దీర్ఘచతురస్రము, ఆటోకు త్రిభుజము. బండి పడేది ముందు చక్రమునుండి వెనుక చక్రానికి గీసిన ఏటవాలు గీత మీదుగా. వెనుక చక్రాల మధ్య 1.15 మీటర్లు ఉన్న ఆటోలో, గురుత్వ కేంద్రము వెనుక ఇరుసునుండి మూడవ వంతు దూరములో ముందుకు ఉంటే, అక్కడినుండి ఆ గీతకు దూరము సుమారు 37 సెంటీమీటర్లే. ఎత్తు 65 సెంటీమీటర్లయితే హద్దు 0.57. ఇప్పుడు డ్రైవరుకు రెండు పక్కల ఇద్దరు కూర్చున్నారనుకోండి. మన పల్లెలలో ఇది నిత్యము కనిపించే దృశ్యమే. గురుత్వ కేంద్రము త్రిభుజపు మొనవైపు జరుగుతుంది. అది ఇరుసుల మధ్య సగానికి వచ్చి, ఎత్తు 70 సెంటీమీటర్లయితే హద్దు 0.39కి పడిపోతుంది. 15 మీటర్ల మలుపులో మొదటి ఆటో 33 కిలోమీటర్ల వేగము వరకు నిలుస్తుంది. రెండవది 27 దగ్గరనే రెండు చక్రాల మీద లేస్తుంది. బండి అదే, రోడ్డు అదే, డ్రైవరు కూడా అతడే. మారినది ఇద్దరు మనుషులు కూర్చున్న చోటు.

రోడ్డు వెడల్పు కూడా బండిని బట్టి మారుతుందంటే నమ్మటము కష్టము. బండి తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలికి కోసుకొని పోతాయి. ఎంత లోపలికి అనేది ఇరుసుల మధ్య దూరపు వర్గాన్ని వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే సుమారుగా తెలుస్తుంది. ఇరుసుల మధ్య 2.5 మీటర్లు ఉన్న కారు మన 15 మీటర్ల మలుపులో 21 సెంటీమీటర్లు కోసుకొంటుంది. 6 మీటర్లు ఉన్న బస్సు 1 మీటరు 20 సెంటీమీటర్లు కోసుకొంటుంది. దానికి తోడు బస్సు ముక్కు వెలుపలికి చొచ్చుకు పోతుంది. అందుకే మలుపు దగ్గర రోడ్డును అదనముగా వెడల్పు చేయాలి. చేయని చోట బస్సు ఎదురువచ్చే బండి భాగములోకి పోక తప్పదు. అది డ్రైవరు దురుసుతనము కాదు, రేఖాగణితము.

ఎదురువచ్చే బండి కనబడాలి గదా. కనబడిన తరువాత ఆలోచించి బ్రేకు తొక్కటానికి రెండున్నర సెకనులు పడుతుందని ఇంజనీర్లు లెక్కలో వేసుకొంటారు. 40 కిలోమీటర్ల వేగములో ఆలోచనకే 28 మీటర్లు పోతాయి, ఆగటానికి మరి 17 మీటర్లు, మొత్తము 45. దిగుడులో ఇంకా ఎక్కువ. ఒకే వరుస రోడ్డు మీద రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే 90 మీటర్ల దూరమునుండి ఒకటి మరొకదానికి కనబడాలి. కొండచరియను కోసి వేసిన మలుపులో 90 మీటర్ల చూపు ఎక్కడిది? తిరుమలలో దీనికి మంచి ఉపాయము చేశారు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఉండగా, 1974లో రెండవ రోడ్డు వాడుకలోకి వచ్చింది. పాతది దిగటానికి, క్రొత్తది ఎక్కటానికి కేటాయించారు. ఎదురు బండి అనే ప్రశ్నే లేకుండా పోయింది. ఇంతేగాక, కొండమీద బయలుదేరిన వేళను చీటీ మీద వేసి, క్రింద చేరిన వేళతో సరిచూసి, మరీ త్వరగా దిగినవారిని పట్టుకొనే పద్ధతి కూడా పెట్టారు. ఎక్కటానికి పెట్టిన కనీసపు వ్యవధి కంటె దిగటానికి పెట్టినది ఎక్కువ. దిగుడే కష్టమని గుర్తించిన నిబంధన ఇది. అయినా కొండ తన స్వభావము మానదు. 2021 డిసెంబరు మొదట్లో వానలకు నానిన బండరాళ్లు రెండవ ఘాట్ రోడ్డు మీద విరుచుకుపడి రోడ్డును దెబ్బతీశాయి.

రెండు రోడ్లు వేసే భాగ్యము లేనిచోట మర్యాదే దిక్కు. మన దేశపు రోడ్డు నిబంధనల ప్రకారము ఇరుకైన కొండదారిలో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఏటవాలులో ఆగిన బరువు బండిని మళ్లీ కదిలించటము కష్టము, వెనుకకు జారే ప్రమాదము కూడా ఉన్నది. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశపు యుంగాస్ కొండదారిలో మరొక వింత ఏర్పాటు చేశారు. ఆ దేశములో బండ్లు కుడివైపున నడుస్తాయి. డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. ఆ ఒక్క దారిలో మాత్రము ఎడమవైపున నడపాలి. దిగే బండి డ్రైవరు అప్పుడు లోయవైపు ఉంటాడు కనుక తన చక్రము అంచుకు ఎంత దూరములో ఉన్నదో తల వంచి చూసుకోవచ్చును.

రోడ్డు పైపొర సంగతి అందరికీ తెలిసినదే, కనుక ఎక్కువ చెప్పనక్కరలేదు. కారుకు కుదుపు మాత్రమే అయిన గుంట, చిన్న చక్రాల స్కూటరుకు పడిపోవటానికి కారణము కావచ్చును. కంకర రోడ్డు మీద ఏర్పడే అలల వంటి మడతలలో చక్రము క్షణక్షణము నేలను విడిచి లేస్తుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఉండదు. మలుపులో ఒక దోసెడు ఇసుక కారును ఏమీ చేయదు గాని, పక్కకు వాలి తిరుగుతున్న మోటారు సైకిలును పడగొడుతుంది. గతుకులను కొలవటానికి ఒక చక్రపు యంత్రాన్ని జీపు వెనుక కట్టి గంటకు 32 కిలోమీటర్ల వేగముతో లాగి, కుదుపుల మొత్తాన్ని లెక్కపెట్టే పద్ధతి మన దేశములో ఉన్నది.

అంత యంత్రము లేకపోయినా, బడిపిల్లలు ఉపాధ్యాయుని వెంట వెళ్లి ఒక దారిని పరీక్షించవచ్చును. బండ్లు తిరగని వేళ, లేదా రాకపోకలు లేని దారి మీద చేయాలి. ఏటి గట్టు దిగుడు అయినా చాలును. మీటరు పొడవు చెక్కను వాలు వెంబడి రోడ్డు మీద పెట్టి, దాని మీద తాపీమేస్త్రి మట్టపు బద్ద ఉంచి, పల్లపు కొనను మట్టము వచ్చేవరకు ఎత్తాలి. ఎన్ని సెంటీమీటర్లు ఎత్తవలసి వచ్చిందో అదే వాలు శాతము. 5 అయితే ప్రమాణము లోపల ఉన్నట్లు, 10 అయితే బరువు బండ్లకు పనికిరానట్లు. మలుపు వ్యాసార్ధానికి 10 మీటర్ల తాడు చాలును. మలుపు లోపలి అంచున రెండు చోట్ల తాడు కొనలు ఆనించి బిగుతుగా లాగి, తాడు నడిమి భాగానికీ అంచుకూ మధ్య దూరము కొలవాలి. అది 25 సెంటీమీటర్లు అయితే వ్యాసార్ధము 50 మీటర్లు, 42 అయితే 30 మీటర్లు, 85 అయితే 15 మీటర్లు. జ్యాకు, వ్యాసార్ధానికి ఉన్న సంబంధము తరగతిలో చదివినదే.

బస్సులో కూర్చుని చేయదగిన ప్రయోగము మరొకటి ఉన్నది. అర మీటరు దారానికి తాళపు చెవి కట్టి పట్టుకోవాలి. మలుపులో అది పక్కకు తొలగుతుంది. తొలగిన దూరాన్ని దారము నిలువు పొడవుతో భాగిస్తే గట్టు పోను మిగిలిన పక్క త్రోపు వస్తుంది. 7 సెంటీమీటర్లు తొలగితే సుమారు 0.15. రోడ్లు వేసేవారు టైరు పక్క పట్టునుండి ఇంతకంటె ఎక్కువ ఆశించరు. ప్రయాణికునికి కూడా ఇంతవరకు హాయిగానే ఉంటుంది. తాళపు చెవి 15 సెంటీమీటర్లు తొలగుతున్నదంటే ఆ బస్సు ఆ మలుపుకు తగని వేగములో పోతున్నది.

ఇక మిగిలినది ట్రాక్టరు. మెట్ట ప్రాంతపు రైతుకు అది ఎడ్ల జత వంటిది, ఎక్కడికైనా పోతుందని నమ్మకము. పొలములో గిరుక్కున తిరగటానికి వీలుగా దాని కుడి వెనుక చక్రానికి ఒక బ్రేకు పెడలు, ఎడమ వెనుక చక్రానికి మరొక పెడలు ఉంటాయి. రోడ్డు ఎక్కేటప్పుడు రెండింటినీ గొళ్లెముతో కలపాలి. కలపకుండా కొండ దిగుతూ ఒకటే తొక్కితే బండి అడ్డము తిరుగుతుంది. వెనుక కట్టిన ట్రక్కుకు చాలావరకు బ్రేకే ఉండదు. 2 టన్నుల ట్రాక్టరు వెనుక జనముతో నిండిన 3 టన్నుల ట్రక్కు ఉన్నదనుకొంటే, 10లో 1 వాలు మీద ఆ ట్రక్కు ఒక్కటే 300 కిలోగ్రాముల బలముతో ట్రాక్టరును వెనుకనుండి నెడుతుంది. తిన్నని దారిలో ఆ నెట్టుడు ముందుకు ఉంటుంది. మలుపు తిరగగానే పక్కకు అవుతుంది, అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రాలు పక్కకు జారి బండి కత్తిలాగా ముడుచుకుపోతుంది. ఎక్కేటప్పుడు ఇదే ట్రక్కు వెనుకకు లాగి ముందు చక్రాలను తేలిక చేస్తుంది. తేలికపడిన చక్రాలు స్టీరింగు మాట వినవు. కారుకు అద్దమువంటి రోడ్డు కూడా ఈ జోడుకు పనికిరాదు. కొండ పాదము దగ్గర ట్రక్కు విప్పి, జనాన్ని దేవస్థానము బస్సులోనో కాలినడకనో పైకి పంపటము తప్ప ఈ లెక్కకు వేరే జవాబు లేదు.